దామెర్ల రామారావు: రాజమండ్రికి తిరిగి వచ్చిన కుంచె



మార్చి 8 దామెర్ల రామారావుగారి పుట్టినరోజు. 1897లో రాజమండ్రిలో పుట్టారు. 1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయనను పొట్టన పెట్టుకుంది. ఇంకొక్క నెల గడిస్తే ఇరవై ఎనిమిదేళ్లు నిండేవి. అయినా ఆధునిక ఆంధ్ర చిత్రకళ కథ ఎవరు మొదలుపెట్టినా ఆయన పేరుతోనే మొదలుపెడతారు.

అంత తక్కువ ఆయుష్షులో ఒక పద్ధతి పట్టుబడడమే గొప్ప. రామారావుగారు ఎన్ని పద్ధతులు దాటి వచ్చారో చూడండి. గోదావరి గట్టున ఇంగ్లీషువారి తరహాలో నీటిరంగులు. అజంతాలో రేఖ. బొంబాయిలో యూరప్ పద్ధతిలో శరీర నిర్మాణం, తైలవర్ణాలు. అదే కాలంలో బెంగాల్ నుంచి దేశమంతా వ్యాపించిన కొత్త గాలి. ఇవన్నీ అయ్యాక, వీటిలో దేనికీ బంటు కాకుండా తనదైన బొమ్మ. ఈ ప్రయాణం గురించి ఈ రోజు మీతో మాట్లాడతాను. నా నమ్మకం ఇది: బడులు ఆయనకు చేతిపని నేర్పాయి, శైలిని మాత్రం ఆయన సొంత ఊరే ఇచ్చింది. బొంబాయిలో పేరు తెచ్చుకుని అక్కడే ఉండిపోగలిగిన మనిషి రాజమండ్రికి తిరిగి వచ్చారు కాబట్టే ఆయన దామెర్ల రామారావు అయ్యారు.

ముందు ఆ కాలం సంగతి చెప్పుకోవాలి. రామారావుగారు పుట్టిన ఏడాదే రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన పని మొదలైంది. 1900లో పూర్తయింది. అంతకుముందు పడవ దాటితే గాని అవతలి ఒడ్డు లేదు. రైలు వచ్చాక మద్రాసూ కలకత్తా ఒక ప్రయాణం దూరంలోకి వచ్చాయి. రైలుతోబాటు అచ్చుబొమ్మలూ వచ్చాయి. రాజా రవివర్మ అచ్చు వేయించిన లక్ష్మీ సరస్వతుల పటాలు తెలుగిళ్ల గోడలకెక్కాయి. బొమ్మ అంటే అదే అన్నంతగా జనం కళ్లకు అలవాటయ్యాయి. చిత్రకారుడు కావాలనుకునే తెలుగు కుర్రవాడికి ఆ రోజుల్లో ఆ పటాలే పాఠం. వెళ్లి చేరదామంటే చెప్పుకోదగ్గ చిత్రకళాశాల తెలుగునాట ఎక్కడుంది?

ఆ సమయంలో రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాలుగా వచ్చారు. 1909 నుంచి 1919 దాకా ఇక్కడే ఉన్నారు. ఆయన రచయిత, చిత్రకారుడు. కాలేజీ గంట కొట్టాక కుర్రాళ్లను వెంటబెట్టుకుని గోదావరి గట్టుకో, కొండలకో వెళ్లేవారు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు, అందరూ ఆయన చుట్టూ చేరినవాళ్లే. పాలించే జాతి మనిషి, పాలితుల పిల్లల్లో ప్రతిభ కోసం వెతికాడు. వెతికి ఊరుకోలేదు, దానికి దారీ చూపించాడు. ఆ మేలు మనం మరచిపోకూడదు.

గట్టున కూర్చుని నీటిరంగులు వేయడం ఏం నేర్పుతుందో కాస్త ఆగి చూద్దాం. నీటిరంగులో తెలుపు అంటూ వేరే పుయ్యరు. కాగితం తెలుపే వెలుగు. ఎక్కడ వెలుగు కావాలో అక్కడ కాగితాన్ని ముట్టుకోకుండా వదిలెయ్యాలి. రంగు ఒకసారి ఆరితే దిద్దుకోవడం కష్టం. ఎదురుగా ఉన్నదేమో గోదావరి. శ్రావణంలో వరద వస్తే నీళ్లు ఇటుకరంగు. మాఘానికి తేరుకుని, ఇసుకతిన్నెల మధ్య సన్నగా పాయలు కడుతుంది. పొద్దున్నే పాపికొండల వైపు మంచు, మధ్యాహ్నానికి కళ్లు మిటకరించే ఎండ. మేఘం ఒకటి అడ్డం వస్తే నది మొత్తం రంగు మారిపోతుంది. ఆ మార్పును అందుకోవాలంటే చెయ్యి కంటే ముందు కన్ను పరిగెత్తాలి. రామారావుగారి కన్ను అలా తయారయింది. ఆయన వేసిన ప్రకృతి దృశ్యాల్లో ఈనాటికీ మనల్ని ఆపేది ఆ వెలుగే. అది ఇంగ్లండు వెలుగు కాదు. తేమతో నిండిన డెల్టా వెలుగు.

కూల్డ్రే శిష్యులను అజంతాకు తీసుకువెళ్లారు. అజంతా ఒకటో గుహలో పద్మపాణి బొమ్మ చూసినవాళ్లకు తెలుస్తుంది. అక్కడ నీడలు వేసి గుండ్రదనం తెప్పించే పని తక్కువ, భారమంతా రేఖదే. భుజం నుంచి వేలికొస దాకా ఒక్క ఊపులో దిగే గీత, కనుబొమ్మ వంపు, సగం మూసిన రెప్ప. మట్టిపూత మీద ముందు గీత పడుతుంది, తర్వాత రంగు నిండుతుంది. రవివర్మ పటాలు చూసి పెరిగిన తరానికి ఇది కొత్త సంగతి. కొత్త సంగతి అంటున్నాను గాని, పదిహేను వందల ఏళ్ల నాటిది. మన దేశంలో బొమ్మకు సొంత వ్యాకరణం ఉందని, దాన్ని ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనక్కరలేదని ఆ గోడలు చెప్పాయి. ఆ మాట రామారావుగారి మనసులో పడింది, కాని వెంటనే బయటకు రాలేదు. మొలకెత్తడానికి కొన్నేళ్లు పట్టింది.

1916లో కూల్డ్రే ప్రోత్సాహంతో ఆయన బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. 1857లో పెట్టిన బడి అది. ప్లాస్టరు విగ్రహాలను చూసి గీయడం, వెలుగునీడలు కొలవడం, దూరం దగ్గరలను లెక్కగా చూపించడం, ఇదీ అక్కడి చదువు. ఆయన చదువు చివరి రోజుల్లో, 1919 ప్రాంతంలో, గ్లాడ్‌స్టన్ సాలమన్ పూనికతో అక్కడ మనిషిని ఎదురుగా నిలబెట్టి గీయించే తరగతులు మొదలయ్యాయి. వస్త్రం లేని శరీరాన్ని చూసి గీయడం ఆ రోజుల్లో మన సమాజానికి మింగుడుపడే సంగతి కాదు. రాజమండ్రి నుంచి వెళ్లిన కుర్రవాడు ఆ చదువును మనసు పెట్టి చదివాడు. ఎముక ఎక్కడ తేలుతుంది, నడుము తిప్పితే భుజం ఎటు వాలుతుంది, బరువు ఏ పాదం మీద పడుతుంది, అన్నీ చేతికి వచ్చాయి. 1920లో చదువు ముగిసింది.

చదువు అయ్యాక కథియవాడ ప్రాంతంలో తిరిగారు. అక్కడి మనుషుల ముఖాలు గీశారు. భావనగర్ దివాను ప్రభాశంకర్ పట్టణీ చిత్రం వేశారు. సంస్థానాల్లో రూపచిత్రాలకు గిరాకీ ఉన్న రోజులవి. రాజులూ దివానులూ కూర్చుని బొమ్మలు వేయించుకునేవారు. ఆ దారిలోనే వెళ్లి ఉంటే జీవితం హాయిగా జరిగిపోయేది. చెయ్యి తిరిగిన తైలవర్ణ చిత్రకారుడిగా మంచి పేరే మిగిలేది. కాని ఆంధ్రదేశానికి ఒక చిత్రకళ మిగిలేది కాదు.

ఇక్కడ బెంగాల్ మాట చెప్పాలి. అవనీంద్రనాథ్ టాగోర్, ఆయన శిష్యులు యూరప్ తైలవర్ణాలను పక్కన పెట్టారు. 1903లో యొకొయామా తైకాన్, హిషిదా షున్‌సో అనే ఇద్దరు జపాన్ చిత్రకారులు కలకత్తా వచ్చారు. వాళ్ల పని చూశాక ‘వాష్’ పద్ధతి రూపు దిద్దుకుంది. కాగితం మీద రంగు వేస్తారు, ఆరాక మొత్తం కాగితాన్ని నీళ్లలో ముంచుతారు. తేలిపోయే రంగు తేలిపోతుంది, పట్టుకున్నది నిలుస్తుంది. మళ్లీ రంగు, మళ్లీ నీళ్లు. ఇలా ఎన్నో పూతలయ్యాక బొమ్మ మీద పొగమంచు కమ్మినట్టు ఒక మెత్తదనం వస్తుంది. స్వదేశీ ఉద్యమం రోజుల్లో దేశమంతా ఇదే భారతీయ చిత్రకళ అన్న అభిప్రాయం బలపడింది.

తెలుగునాట ఆ ప్రవాహం బందరులో దిగింది. ఆంధ్ర జాతీయ కళాశాలకు బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ చటర్జీ వచ్చి బోధించారు. మన భీమవరం అడివి బాపిరాజుగారు అక్కడ ఆయన దగ్గరే నేర్చుకున్నారు. అంటే గోదావరి గట్టున ఒకే గురువు దగ్గర కూర్చున్న మిత్రులిద్దరూ రెండు దారులు పట్టారు. ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ విడిపోయినట్టు, ఆంధ్ర చిత్రకళ కూడా అక్కడ రెండు పాయలైంది. ఒకటి బందరు పాయ, ఒకటి రాజమండ్రి పాయ. రెండూ ఈ నేలను తడిపినవే. ఒకదాన్ని పొగడడానికి రెండోదాన్ని తక్కువ చేయనక్కరలేదు.

రాజమండ్రి పాయ ప్రత్యేకత ఏమిటి? రామారావుగారు బెంగాల్ వారి భావాన్ని గౌరవించారు. పురాణాన్నీ జానపదుల జీవితాన్నీ బొమ్మకు వస్తువు చేసుకునే స్వేచ్ఛ వాళ్ల నుంచి అందుకున్నారు. కాని ఆ పొగమంచును తెచ్చుకోలేదు. ఆయన బొమ్మల్లో స్త్రీలు గాలిలో తేలరు, నేల మీద నిలబడతారు. చీర కుచ్చెళ్ల కింద మోకాలు ఉందని తెలుస్తుంది. బిందె ఎత్తిన నడుము ఎటు ఒరిగిందో తెలుస్తుంది. అది బొంబాయి చదువు. ఆ శరీరాన్ని చుట్టి వచ్చే గీత మాత్రం అజంతాది. సన్నని వేళ్లు, వాల్చిన రెప్పలు, ఆగకుండా సాగే వంపు. ఆ రంగుల్లోని వెలుగు గోదావరి గట్టున నీటిరంగులతో నేర్చుకున్నది. మూడు చదువులు ఒకే బొమ్మలో, ఒకదాన్ని ఒకటి తొక్కకుండా ఇమిడాయి. ఇదంత తేలికైన పని కాదు. వెలుగునీడలు ఎక్కువైతే రేఖ చచ్చిపోతుంది. రేఖ ఎక్కువైతే శరీరం బల్లపరుపుగా తయారవుతుంది. ఆ తూకం దొరకడానికి వాటన్నిటినీ కలిపే వస్తువు ఒకటి కావాలి. ఆ వస్తువు ఆయనకు రాజమండ్రిలో దొరికింది.

ఆయన చిత్రాల పేర్లే వినండి. పుష్పాలంకరణ, కార్తీక పౌర్ణమి, నంది పూజ, కృష్ణలీల, సిద్ధార్థ రాగోదయం, ఋష్యశృంగ బంధనం. వీటిలో సగం మన ఇంటి పెరట్లో, గుడి ముంగిట, రేవు మెట్ల మీద జరిగేవే. కార్తీకమాసంలో తెల్లవారుజామున గోదావరికి వెళ్లి దీపాలు వదిలే ఆడవాళ్లను ఈ ఊళ్లో ఎవరు చూడలేదు? జడలో పూలు తురమడం ఏ ఇంట్లో చూడలేదు? రోజూ కంటబడుతున్నా, అది బొమ్మకు తగిన వస్తువని అప్పటికి ఎవరికీ తోచలేదు. రాజులకూ దేవతలకూ దక్కిన గౌరవం పూలు తురిమే చేతులకు దక్కింది. ‘పుష్పాలంకరణ’లో ఏ మహాకార్యమూ జరగదు, ఎవరూ ఎవరినీ గెలవరు. ఒకరి ఒంటిని ఒకరు ప్రేమగా అలంకరించడమే అక్కడ మహాకార్యం.

పురాణ కథను ఎంచుకున్నప్పుడూ ఇదే చూపు. ఋష్యశృంగుడి కథ మీకు తెలిసిందే. అంగదేశంలో వానలు లేవు. పుట్టి బుద్ధెరిగాక ఆడమనిషిని చూడని ముని కుమారుణ్ని రోమపాద మహారాజు వేశ్యల చేత రప్పిస్తాడు. ఆయన అడుగు పెట్టగానే వాన కురుస్తుంది. ఈ కథలో చిత్రకారుడు పట్టుకున్నది ఆ కుర్రవాడు ప్రేమకు చిక్కే ఘట్టాన్ని. సిద్ధార్థుడి కథలోనూ అంతే. బోధివృక్షాన్నీ మహాభినిష్క్రమణాన్నీ వదిలి, రాకుమారుడి మనసులో మొదటిసారి రాగం పుట్టిన వేళను ఎంచుకున్నారు. మనిషి మనసు కదిలే క్షణం మీద ఆయనకు అంత గురి. ఋష్యశృంగ బంధనానికి 1922లో కలకత్తా ప్రదర్శనలో వైస్రాయి బహుమతి వచ్చింది. బెంగాల్ చిత్రకారుల సొంత గడ్డ మీద, వాళ్ల పద్ధతి కాని బొమ్మకు వచ్చిన బహుమతి అది. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలోనూ ఆయన చిత్రాలు చోటు చేసుకున్నాయి.

పేరు వచ్చాక ఆయన చేసిన పని మరీ గొప్పది. రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టారు. ఆంధ్రదేశంలో భారతీయ చిత్రకళ కోసం ఒక సంఘాన్ని నెలకొల్పారు. తను పడ్డ కష్టం ఇంకో కుర్రవాడు పడకూడదని, చదువు కోసం బొంబాయి దాకా పోనక్కరలేకుండా చేయాలని ఆయన ఆశ. ఆ బడి గడప ఆయన ఇంట్లోనే మొదలైంది. భార్య సత్యవాణిగారు బొమ్మలు వేశారు. చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మగారు బొమ్మలు వేశారు. వంద సంవత్సరాల కిందట, తెలుగింటి ఆడవాళ్లకు చదువే అపురూపమైన కాలంలో, ఒక ఇంట్లో ఇద్దరు స్త్రీలు కుంచె పట్టారు. వీరేశలింగంగారి ఊళ్లో జరగవలసిన పనే అది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా గట్టిగా రావాలి. రామారావుగారి బొమ్మల్లో స్త్రీలకు అంత నిండుదనం ఎలా వచ్చిందని అడిగేవాళ్లకు నేనిచ్చే జవాబు ఇదే. ఆయన ఇంట్లో స్త్రీ బొమ్మకు వస్తువుగానే ఉండిపోలేదు, బొమ్మ వేసే మనిషిగానూ ఉంది.

ఆ తర్వాత మశూచి వచ్చింది. బొంబాయి చదువు ముగిశాక ఆయనకు మిగిలినవి అయిదేళ్లు కూడా సరిగ్గా లేవు. మనం పోగొట్టుకున్నదేమిటో ఊహించాలంటే ఒక్క లెక్క చాలు. అవనీంద్రనాథ్ ఎనభై ఏళ్లు బతికారు. నందలాల్ బోస్ ఎనభై మూడేళ్లు బతికారు. వాళ్ల శైలులు ఎన్నిసార్లు మారాయో చూడడానికి దేశానికి వ్యవధి దొరికింది. రామారావుగారి శైలి తర్వాత ఎటు తిరిగేదో చూసే అదృష్టం మనకు లేకపోయింది.

అక్కడితో కథ ముగియలేదంటే దానికి కారణం వరదా వెంకటరత్నంగారు. రామారావుగారికి మిత్రుడు, సహచరుడు, తానూ మంచి చిత్రకారుడు. స్నేహితుడు పోయాక ఆ బడిని నిలబెట్టారు. చెల్లాచెదురు కాకుండా ఆ బొమ్మలను ఒకచోట చేర్చి చిత్రశాలగా నిలపడానికి జీవితం ధారపోశారు. తన బొమ్మలు వేసుకుని తన పేరు తాను నిలబెట్టుకోవచ్చు. ఆయన స్నేహితుడి పేరును నెత్తిన పెట్టుకున్నారు. కళతో జీవితాంతం సాగే అనుబంధం అంటే కుంచె వదలకపోవడం ఒక్కటే అనుకుంటాం. మరొకరి కుంచె చేసిన పనిని కాపాడడం కూడా అంతే పెద్ద అనుబంధమని వెంకటరత్నంగారు చూపించారు. ఈ రోజు రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాల ఉందంటే, అందులో నూనెరంగులూ నీటిరంగులూ చిత్తుబొమ్మల పుస్తకాలూ మనం చూడగలుగుతున్నామంటే, ఆ పుణ్యం ఆయనది.

ఆ చిత్రశాలకు వెళ్లేవారికి ఒక మాట. ముందు పెద్ద బొమ్మల దగ్గరికి పోకండి. చిత్తుబొమ్మలూ పెన్సిలు గీతలూ ఎక్కడున్నాయో అడిగి చూడండి. ఒక చెయ్యి ఎలా మడవాలో, ఒక మెడ ఎటు తిప్పాలో కాగితం మీద వెతుక్కున్న ఆనవాళ్లు అక్కడ ఉంటాయి. ఆ తర్వాత ప్రకృతి దృశ్యాలు చూడండి. చివర పుష్పాలంకరణ ముందు నిలబడండి. ముందు దూరం నుంచి మనుషులంతా ఒకరికొకరు ఎలా ఒదిగారో చూసి, ఆపైన దగ్గరికి వెళ్లి ఒక్క చేతినే పట్టుకుని గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడండి. పిల్లలు వెంట ఉంటే ఆ చేతిని గీయమని పెన్సిలు ఇవ్వండి. బొమ్మ చూడడం అలాగే వస్తుంది.

ఇంకో మాట, కాస్త గట్టిగానే చెబుతాను. నీటిరంగు బొమ్మకు వెలుతురే శత్రువు. ఎక్కువ వెలుతురు పడితే రంగు వెలిసిపోతుంది, వెలిసిన రంగు మళ్లీ రాదు. డెల్టా గాలిలో తేమ ఎక్కువ. తేమకు కాగితం బూజు పడుతుంది, అట్టలోని పులుపు కాగితాన్ని పసుపుబారుస్తుంది. పులుపు లేని అట్ట, వెలుతురును వడకట్టే అద్దం, తేమను అదుపులో పెట్టే గది, ప్రతి బొమ్మకూ నాణ్యమైన డిజిటల్ ప్రతి, ఇవి విలాసాలు కావు. వందేళ్లు నిలిచిన బొమ్మ ఇంకో వందేళ్లు నిలవాలంటే తప్పని ఖర్చులు. పుష్కరాలకు ఘాట్లు కట్టుకున్నంత శ్రద్ధగా ఈ పనీ చేసుకోవాలి. ప్రభుత్వమూ చెయ్యాలి, ఊళ్లో ఉన్నవాళ్లూ చెయ్యి కలపాలి.

చిత్రకళ నేర్చుకుంటున్న యువతీయువకులు ఈ ప్రసంగం వింటూ ఉంటే, వాళ్లకు నా మనవి. శైలి కోసం తొందరపడకండి. రామారావుగారు దొరికిన ప్రతి బడిలోనూ కూర్చున్నారు. ఇంగ్లీషువాడిదని ఒకదాన్ని కాదనలేదు, స్వదేశీ అని ఒకదాన్ని గుడ్డిగా నెత్తికెత్తుకోలేదు. నేర్చుకున్నంతా నేర్చుకున్నారు. తర్వాత తన మనుషుల దగ్గరికి వచ్చి, వాళ్లను చూపించడానికి ఏది పనికొస్తుందో అది ఉంచుకున్నారు. మీరు ఈ రోజు హైదరాబాదులో చదవవచ్చు, బరోడాలో చదవవచ్చు, ఫోను తెర మీద ప్రపంచంలోని బొమ్మలన్నీ చూడవచ్చు. చూడండి, నేర్చుకోండి. కాని మీ ఊరి సంత, మీ ఇంటి వాకిలి, మీ అమ్మ చేతులు, వీటిని మీకంటే బాగా ఎరిగిన చిత్రకారుడు ప్రపంచంలో ఇంకొకడు లేడు. వాటిని గీయడానికి కూర్చోండి. ఏ పద్ధతిలో గీయాలో ఆ పనే మీకు నేర్పుతుంది. రామారావుగారికి నేర్పింది అలాగే.